ఎనిమిది పాయింట్ తొమ్మిది

మా అక్క ఏం చెప్పినా నేను నమ్ముతాను, వంట గురించి చెప్పినప్పుడు తప్ప. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో ఆవిడకి ఈ జన్మకి తెలియదు. మిగతా ప్రపంచమంతా మాత్రం ఆవిడకి కొలతే. చిన్నప్పుడు అమ్మ మా ఇద్దరికీ పాలు పోసి ఇస్తే, రెండు గ్లాసులూ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టి, వంగి, ఒక కన్ను మూసుకుని చూసేది. ఎక్కువున్న గ్లాసులోంచి తక్కువున్న దాంట్లోకి రెండు చుక్కలు ఒంపేది. ఆ ఎక్కువున్న గ్లాసు ఎప్పుడూ నాదే అయ్యేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

బస్సు డిపో వెనక వీధిలో పాత ఇంజిన్లు విప్పి కొత్తగా కట్టే షాపు ఉంది. పొడుగాటి గది, రేకుల కప్పు, లోపలికి అడుగు పెట్టగానే ముక్కుకి తగిలే నూనె వాసన. అక్క అందులో చేరి ముప్పై ఏళ్ళయింది. సిలిండర్లకి బోరు చెయ్యడం, వాటి మీద మూతలా కూర్చునే హెడ్డు ముఖం చదును చెయ్యడం, మైక్రోమీటరుతో కొలవడం ఆవిడ పని. బూడిద రంగు కోటు జేబులో ఒక స్టీలు స్కేలు, ఒక నోటు పుస్తకం. మూతపడిన కాలేజీ ల్యాబులోంచి ఎప్పుడో తెచ్చుకున్న గాజు బ్యూరెట్ ఒకటి ఉంది. దాంతో ఇంజిన్ హెడ్డులోని గుంటల్ని చుక్క చుక్కగా కొలుస్తుంది కాబట్టి వీధిలో అందరూ ఆవిడని చుక్కలక్క అంటారు. వెక్కిరింతకి పెట్టిన పేరే గానీ, ఆవిడకి వినసొంపుగానే ఉన్నట్టుంది, ఎప్పుడూ కాదనలేదు.

షాపు పెద్దమేస్త్రీది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. యంత్రాల మోతకి చెవులు సగం పోయాయి, కోపం మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. కట్టిన ఇంజిన్ బయటికి వెళ్ళి వెయ్యి కిలోమీటర్లు తిరిగి, హెడ్డు బోల్టులు మళ్ళీ బిగించుకోవడానికి వెనక్కి రావాలి. అప్పుడు అన్నీ బాగుంటే ఆయన చిన్న ఉక్కు పంచ్ తీసుకుని, సిలిండర్లుండే బ్లాకు అంచు మీద ఒకే ఒక్క దెబ్బతో త్రిభుజం ముద్ర కొడతాడు. విడిగా హెడ్డు మాత్రమే బాగుచేస్తే దాని పక్కన కొడతాడు. లారీ డ్రైవర్లు బండి కొనేముందు బానెట్ ఎత్తి ఆ త్రిభుజం కోసం వేలితో తడుముకుంటారు. ఆ గదిలో సగం పని అక్క చేతుల మీదే జరిగేది. ముద్ర మాత్రం ఎప్పుడూ ఆయనదే.

"కొలిచేవాళ్ళు వేరు, ఇంజిన్ కట్టేవాళ్ళు వేరు అమ్మాయ్," అనేవాడు. యాభై దాటిన మనిషిని అమ్మాయ్ అనడం ఆయనకే చెల్లింది.

ఇక నా కారు సంగతి. నేను నర్సుని. కొండ మీద ఏడు చిన్న ఊళ్ళు నా పరిధిలో ఉన్నాయి. అక్కడికి నన్ను, నా మందుల పెట్టెని, అప్పుడప్పుడు వెనక సీటులో ఒక రోగిని మోసేది పదిహేనేళ్ళ నాటి ఆ పెట్రోలు కారే. పదకొండేళ్ళ కిందట ఒకసారి బాగా వేడెక్కి హెడ్డు వంగిపోతే ఈ షాపులోనే బాగుచేశారు. ఇప్పుడు పెట్రోలుతో సమానంగా నూనె తాగుతూ, వెనక వచ్చేవాళ్ళందరికీ పొగపెడుతోంది. ఇంజిన్ మొత్తం విప్పక తప్పదన్నారు.

విప్పిన రోజున పెద్దమేస్త్రీ అక్కని పిలిచాడు. ఏడాది చివరికి ఆయన పని మానేస్తున్నాడని అప్పటికే అందరికీ తెలుసు.

"ఇది మీ చెల్లెలి బండేగా. దీనికి పిస్టన్లు నువ్వే ఎంచు, నువ్వే కట్టు. వెయ్యి కిలోమీటర్లు నిలబడి వస్తే వచ్చే ఏడాది నుంచి ఇక్కడ ఇంజిన్లు కట్టేది నువ్వే. లేదంటే బయటి నుంచి ఒక మేస్త్రీని తెస్తా. నువ్వు హాయిగా నీ చుక్కలు కొలుచుకుంటూ కూర్చో."

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి ఈ మాట చెప్పింది. చెబుతూ టీ కప్పు ఎత్తింది. తాగకుండానే కింద పెట్టి, ఆయన మాటలు పొల్లుపోకుండా మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ముప్పై ఏళ్ళుగా ఎదురుచూసిందని, ఆ సంగతి ఎవరికీ, నాకు కూడా చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

మా ఆయన స్కూల్లో డ్రాయింగు మేష్టారు. బండి నడపడం కంటే బండి గురించి మాట్లాడటం ఆయనకి ఇష్టం. అవకాశం దొరకగానే ఎవరి సలహా విన్నాడో ఏమో, మూడు రోజుల్లో నాలుగు పిస్టన్లు తెచ్చి భోజనాల బల్ల మీద వరసగా పెట్టాడు. తళతళలాడుతున్నాయి. మామూలు పిస్టన్ తల చదునుగా ఉంటుంది. వీటి తల గుమ్మటంలా పైకి ఉబ్బి ఉంది.

"చూడండి వదినా, వీటితో కంప్రెషన్ పది పాయింట్ రెండు వస్తుందట. పుస్తకంలో రాసుంది. కొండ మీదికి బండి ఎగురుకుంటూ పోతుంది," అన్నాడు.

"ఎగరడానికి కాదు మరిదిగారూ, ఎక్కడానికి కావాలి," అంది అక్క. కానీ పిస్టన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు కింద పెట్టలేదు.

నాకు ఆవిడ అరటిపండు ఒలిచినట్టు చెప్పింది కాబట్టి మీకూ చెబుతాను. పిస్టన్ కిందికి దిగినప్పుడు గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి. పైకి లేచినప్పుడు వాటిని హెడ్డులో ఉన్న చిన్న గుంటలోకి నొక్కుతుంది. ఎన్నింతలు నొక్కిందన్నదే కంప్రెషన్. ఎక్కువ నొక్కితే అదే పెట్రోలుతో ఎక్కువ బలం వస్తుంది. మరీ ఎక్కువ నొక్కితే మాత్రం పెట్రోలు తన వంతు రాకముందే భగ్గుమంటుంది. లోపల గులకరాళ్ళు దొర్లుతున్న చప్పుడొస్తుంది. అలాగే నడిపితే ఒకరోజు పిస్టన్‌కి బొక్క పడి బండి దారిలో నిలిచిపోతుంది. పిస్టన్ తల ఎంత ఉబ్బితే, హెడ్డులో గుంట ఎంత చిన్నదైతే, నొక్కుడు అంత ఎక్కువ.

మర్నాడు మధ్యాహ్నం నేను షాపుకి వెళ్ళేసరికి అక్క హెడ్డుని తిరగేసి బల్ల మీద పెట్టింది. మొదటి గుంట అంచుకి గ్రీజు రాసి, చిన్న రంధ్రమున్న పారదర్శకమైన పలక అతికించింది. బ్యూరెట్‌లో ఎర్ర రంగు కలిపిన పలచటి నూనె. చుక్క చుక్కగా దించుతోంది. పెద్దమేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"బండి పుస్తకంలో ముప్పై ఎనిమిది సీసీ అని ఉంది. ముప్పై అయిదే పట్టింది," అంది అక్క. హెడ్డు ముఖాన్ని ఎప్పుడో కోసి చదును చేశారు కాబట్టి గుంట లోతు తగ్గిందన్నమాట. తన నోటు పుస్తకంలో పెన్సిలుతో లెక్క వేసింది. "ఈ గుమ్మటం పిస్టన్లు వేస్తే పది రెండు కాదు మేస్త్రీగారూ. పదకొండు."

"పదకొండా? బ్రహ్మాండం. స్పార్క్ టైమింగ్ కాస్త వెనక్కి పెట్టుకో, ఏమీ కాదు. మా రోజుల్లో గుండె ఉన్నవాళ్ళు పదకొండుతోనే నడిపారు. ఏమంటావ్?"

షాపులో అందరూ చేతిలో పని ఆపి ఇటే చూస్తున్నారు. అక్క ఒకసారి వాళ్ళ వైపు చూసింది. తర్వాత "సరే" అంది.

ఆ 'సరే' అక్కది కాదని నాకు తెలుసు. కొలిచేదానివే తప్ప కట్టేదానివి కావని ముప్పై ఏళ్ళు అనిపించుకున్న మనిషి, తనకీ గుండె ఉందని ఒక్కసారి చూపించాలనుకుంది. పైగా అలవాటుకి విరుద్ధంగా ఇంకో పని కూడా చేసింది. మిగతా మూడు గుంటలూ కొలవకుండానే బ్యూరెట్ కడిగి పెట్టేసింది.

సాయంత్రం మళ్ళీ మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు.

"కొండ మీద పెట్రోలు ఎక్కడ పోయించుకుంటావే?"

"పైన కిరాణా కొట్టువాడు డ్రమ్ములోంచి పోస్తాడు. దాని వాసనే వేరు. అందులో ఏం కలుపుతాడో వాడికే తెలియాలి."

"పెద్ద మలుపులు ఏ గేర్లో ఎక్కుతావ్?"

"రెండో గేర్లో. వెనక నొప్పులు పడుతున్న మనిషి ఉంటే, ఆమె మీదో కన్ను, దారి మీదో కన్ను."

అక్క గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు వేసుకోబోయి ఆగింది. "నాలుగింట్లో ఒక్కటే కొలిచానే," అంది. దొంగతనం ఒప్పుకుంటున్నట్టుగా ఉంది గొంతు. భోజనం చేసి వెళ్ళమంటే వినలేదు.

మర్నాడు నాకు సెలవు కాబట్టి పొద్దున్నే నేనూ ఆవిడ వెంట వెళ్ళాను. ఏడున్నరకి షాపు తాళం తీసింది. రెండో గుంట ముప్పై నాలుగు పాయింట్ మూడు పట్టింది. మూడోది ముప్పై మూడు పాయింట్ ఏడు. నాలుగోది సరిగ్గా ముప్పై మూడు. మొదటిది మళ్ళీ కొలిస్తే మళ్ళీ ముప్పై అయిదే. మెట్లు దిగినట్టు దిగుతున్న ఆ అంకెల్ని చూసి అక్క మైక్రోమీటరు అందుకుంది. హెడ్డు మందాన్ని రెండు చివర్లా కొలిచింది. ఒక చివర అర మిల్లీమీటరుకి పైనే తక్కువ ఉంది. ఎప్పుడో కోసినప్పుడు వాలుగా కోశారు.

అలమారులోంచి పదకొండేళ్ళ కిందటి నోటు పుస్తకం తీసింది. పేజీ దొరికింది. నా బండి నంబరు, తారీఖు, ఎంత కోసిందీ, అన్నీ ఆవిడ దస్తూరీలోనే ఉన్నాయి.

ఆ రోజు నాకూ గుర్తుంది. పెద్దమేస్త్రీ జ్వరంతో వారం రోజులు రాలేదు. ఎవరూ పక్కన లేకుండా అక్క మొట్టమొదటిసారి హెడ్డుని యంత్రం మీద ఎక్కించి కోసింది. ఇంటికొచ్చి "ఇవాళ మొత్తం నేనే చేశానే" అని రెండు సార్లు చెప్పింది. ఏనుగెక్కినంత సంబరపడింది.

"మర్నాడు బల్ల తుడుస్తుంటే ఒక రేకు ముక్క దొరికింది," అంది అక్క, స్టూలు మీద కూలబడి. "అంతకు ముందు పనిలో ఎత్తు కోసం పెట్టింది. ఎవరిదోలే అని డబ్బాలో పడేశా. నీ హెడ్డు ఒక చివర దాని మీదే కూర్చుందన్నమాట."

నాలుగో గుంట ముప్పై మూడే కాబట్టి ఆ గుమ్మటం పిస్టన్లతో అక్కడ నొక్కుడు పదకొండు కూడా కాదు, పదకొండు పాయింట్ ఆరు. కొట్టువాడి డ్రమ్ము పెట్రోలుతో ఆ నాలుగో పిస్టన్ రెండో నెల చూసేది కాదు.

హెడ్డు పక్కన మసి తుడిస్తే పెద్దమేస్త్రీ త్రిభుజం కనిపించింది. జ్వరం తగ్గి వచ్చాక చూసి కొట్టిన ముద్ర. దాన్ని చూడగానే నాకొక పాడు ఆలోచన వచ్చింది. దాచుకోకుండా రాస్తున్నాను.

"అక్కా, ముద్ర ఆయనది. చూసినవాళ్ళు ఆయన పనే అనుకుంటారు. నువ్వు పాత కోతలో తేడా ఉందని మాత్రం చెప్పు. ఎవరు కోశారన్నది ఎందుకు?"

అక్క నా వైపు అదోలా చూసింది. చిన్నప్పుడు గ్లాసుల వైపు చూసినట్టే.

"రేకు ముక్క నాదే," అంది.

పదింటికి పెద్దమేస్త్రీ వచ్చాడు. పనివాళ్ళంతా ఉన్నారు. అక్క లేచి నిలబడి, లేతు యంత్రం ఆపమని సైగ చేసింది. నోటు పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టి మొత్తం చెప్పింది. రేకు ముక్క సంగతి కూడా.

ఆయన బొటనవేలితో తన త్రిభుజాన్ని తడిమాడు. "నేను స్కేలు పెట్టి చూశానే."

"స్కేలుకి చదునుగానే ఉంటుంది మేస్త్రీగారూ. చదునే. కాకపోతే వాలు. తప్పు కోతది, చూపుది కాదు."

"మరి ఇప్పుడు?"

"ఇంకా కోస్తే హెడ్డు పలచబడిపోతుంది. అందుకని మిగతా మూడు గుంటల్నీ లోపల గ్రైండ్ చేసి ముప్పై అయిదుకి తెస్తా. పిస్టన్లు చదును తలవి వేస్తా. ఎనిమిది పాయింట్ తొమ్మిది వస్తుంది. నిన్న అందరి ముందూ పదకొండుకి సరే అన్నా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

"ఎనిమిది తొమ్మిదా? ముసలమ్మలు నడిపే ఇంజిన్ అది."

"నడిపేది మా చెల్లెలు. కొండ మీది డ్రమ్ము పెట్రోలుతో. వెనక సీట్లో నొప్పులు పడే మనిషిని పెట్టుకుని. దారిలో ఆగకపోతే చాలు నాకు."

పెద్దమేస్త్రీ పుస్తకం మూసి ఆవిడకిచ్చేశాడు. "నీ ఇంజిన్. మంచి పేరైనా చెడ్డ పేరైనా నీకే," అని తన గదిలోకి వెళ్ళిపోయాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఎవరికీ అంతుపట్టలేదు. అక్క చేతిలోంచి ఇంజిన్లు జారిపోయాయనే నేను అనుకున్నాను. ఇంత నిజం ఎవరు చెప్పమన్నారని దారంతా ఆవిడ మీద పళ్ళు నూరుకున్నాను కూడా.

నాలుగు రోజులు పట్టింది. కాస్త గ్రైండ్ చెయ్యడం, కడగడం, పలక అతికించడం, చుక్కలు దించడం, మళ్ళీ మొదలు. నాలుగు గుంటలూ చుక్క తేడా లేకుండా ముప్పై అయిదుకి వచ్చాక గానీ ఆవిడ గ్రైండర్ కింద పెట్టలేదు.

మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. "పదకొండు నుంచి ఎనిమిదికి దించేశారా వదినా? స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను," అన్నాడు. గుమ్మటం పిస్టన్లు తిరగేస్తే లోపల బోలుగా ఉంటాయి కదా, ఇప్పుడు వాటిలో ఆయన కుంచెలు నిలబడి ఉన్నాయి. బహుశా ఊరు మొత్తంలో అంత బరువైన కుంచెల డబ్బాలు ఇంకెవరికీ లేవు.

బండి బయటికి వచ్చిన రోజు అక్క నా పక్కన కూర్చుంది. కొండ ఎక్కుతున్నంతసేపూ అద్దం దించి, తల బయట పెట్టి వింటూనే ఉంది. పైన కొట్టువాడి దగ్గర కావాలని ట్యాంకు నింపించింది. తిరిగి కిందికి వచ్చి, మళ్ళీ పైకి, రెండో గేర్లో, పెద్ద మలుపు దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా నొక్కమంది. గులకరాళ్ళ చప్పుడు లేదు. ఇంజిన్ మాట, టైర్ల మాట తప్ప ఏమీ లేదు.

ఇంకో సంగతి. పదకొండేళ్ళుగా ఆ బండిని ఇంజిన్ ఆపకుండా నిలబెట్టినప్పుడు ఒక కాలు కుంటుతున్నట్టు ఊగేది. నేను ఎప్పుడు చెప్పినా "నీ డ్రైవింగ్ అలా ఏడిసింది" అనేది అక్క. ఇప్పుడు ఊగడం లేదు. బండి ఆపి, స్టీరింగ్ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ఏంటే?"

"క్షమాపణ కోసం చూస్తున్నా. పదకొండేళ్ళది."

అక్క చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత నిజంగానే చెప్పింది.

మూడో వారంలో జోరువానలో నొప్పులు పడుతున్న ఒక అమ్మాయిని పైఊరి నుంచి తీసుకురావాల్సి వచ్చింది. ఆసుపత్రి కొండకి అవతలి వైపు ఉంది, అంటే ముందు శిఖరం దాకా ఎక్కాలి. వెనక ఆ అమ్మాయి, వాళ్ళ అత్తగారు, ముందు సీట్లో సామాను. ట్యాంకులో డ్రమ్ము పెట్రోలే. బండి ఎక్కడా మొరాయించలేదు, ఆగలేదు. ఆసుపత్రిలో మంచం మీదికి చేర్చాక పావుగంటకి ఆడపిల్ల పుట్టింది. నేను చేతులు కడుక్కుని మొదట ఫోను చేసింది అక్కకి. పిల్ల బరువెంత అని అడిగింది. ఆవిడకి అంతకంటే ఏం తడుతుంది.

వెయ్యి కిలోమీటర్లు దాటాక బండి షాపుకి వెళ్ళింది. అక్క బోల్టులు బిగించింది. నాలుగు సిలిండర్లలో నొక్కుడు ఎంతుందో గేజీ పెట్టి చూడటం పెద్దమేస్త్రీ తనే చేశాడు. మొదటిది చూశాడు. రెండోది. మూడోది, నాలుగోది. ముల్లు నాలుగుసార్లూ ఒకే గీత మీద ఆగింది. గేజీ పాడయిందేమోనని ఇంకోటి తెప్పించి మళ్ళీ చూశాడు. రెండో గేజీ కూడా ఆ మాటే చెప్పింది.

ఆయన సొరుగు లాగి గుడ్డలో చుట్టిన ఉక్కు పంచ్ ఒకటి తీశాడు. దాని మొన మీద త్రిభుజం లేదు, చిన్న గుండ్రటి గీత ఉంది. కొత్తగా అరగదీసిన ఉక్కు మెరుస్తోంది.

"నేనే చేశా. నువ్వు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టిన రోజునే మొదలుపెట్టా. కళ్ళు సరిగ్గా కనిపించక ఇన్నాళ్ళు పట్టింది," అన్నాడు. "కొట్టు."

ఆ రోజునే. నేను దారంతా పళ్ళు నూరుకున్న రోజునే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

అక్క సుత్తి తీసుకుంది. ఆయన బ్లాకు అంచు చూపించాడు. ఆవిడ అక్కడ కాకుండా పైకి, హెడ్డు పక్కకి వంగింది. పాత త్రిభుజానికి వేలెడు దూరంలో పంచ్ ఆనించింది.

"అదెందుకు? అది పదకొండేళ్ళ కిందటి పని," అన్నాడు పెద్దమేస్త్రీ.

"ఆ పని నాది మేస్త్రీగారూ. మీ ముద్ర ఒక్కటే దాన్ని మోస్తోంది," అంది. ఒకే దెబ్బ కొట్టింది. ఆ తర్వాత బ్లాకు మీద ఇంకోటి.

పెద్దమేస్త్రీ ఆ రెండు గుర్తుల్నీ బొటనవేలితో తడిమి చూశాడు. "బయట వ్యాను ఒకటి వచ్చింది, చూడండి మేస్త్రీగారూ," అన్నాడు. ముప్పై ఏళ్ళుగా పిలిచిన 'అమ్మాయ్' అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు నేను నీళ్ళు పోయడానికి బానెట్ ఎత్తినప్పుడల్లా గుడ్డతో ఆ మూల తుడుస్తాను. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపిస్తాను. బ్లాకు మీద ఉన్నది కాదు, హెడ్డు పక్కన త్రిభుజానికి దగ్గరగా ఉన్న ఆ గుండ్రటి గీతని. ఇది మా అక్క చేసిన తప్పు, ముద్ర కూడా తనే వేసుకుంది అని చెబుతాను.